పురిటింటికి ఆశా కార్యకర్త ఆరుసార్లు ఎందుకు వస్తుంది?

(దృశ్యం: పల్లెలో ఒక పెంకుటిల్లు. మంచం మీద బాలింత, పక్కన పొత్తిళ్లలో పసిబిడ్డ. వాకిట్లో సబ్బుతో చేతులు కడుక్కుంటున్న ఆశా కార్యకర్త.)

వ్యాఖ్యానం: కాన్పు ఆసుపత్రిలో సుఖంగా జరిగి, తల్లీబిడ్డలు ఇల్లు చేరారు. ఇక భయం లేదని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే సమయానికి ఆశా కార్యకర్త సంచి భుజాన వేసుకుని వస్తుంది. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె ఇలా ఆరుసార్లు రావాలి. కాన్పు ఇంట్లోనే జరిగితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు రావాలి. గర్భిణులను ఆసుపత్రికి తీసుకువెళ్లే మనిషిగానో, సర్వే కాగితాలు నింపే మనిషిగానో ఆమె మనకు తెలుసు గానీ, ఆమె చేసే పనులన్నిటిలోనూ ప్రాణం నిలిపే పని ఈ పురిటింటి రాకపోకలేనని నా నమ్మకం.

(దృశ్యం: నిద్రపోతున్న బిడ్డ పొట్ట. పక్కన గడియారం.)

వ్యాఖ్యానం: బిడ్డ ఏడవకుండా ఉన్న వేళ చూసి, కప్పిన గుడ్డను కాస్త పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతున్నదో ఆమె నిండుగా ఒక నిమిషం లెక్కపెడుతుంది. అరనిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే కుదరదు, ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా సాగుతుంది. లెక్క 60కి చేరినా, దాటినా మరోసారి లెక్కిస్తుంది. రెండోసారి కూడా అంతే ఉంటే ఆసుపత్రికి పంపాల్సిందే. ఆ తర్వాత చంకలో థర్మామీటరు పెట్టి చూసి, బిడ్డను ఉయ్యాల వంటి గుడ్డలో పడుకోబెట్టి త్రాసు కొక్కేనికి తగిలిస్తుంది. 2,500 గ్రాములకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ కింద లెక్క. 1,800 గ్రాములకు కూడా తగ్గితే ఆసుపత్రిలో చూపించాలి. నవజాత శిశువుకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు జ్వరం రాకపోవచ్చు. పాలు తాగడం మానేసి, ఒళ్లు చల్లబడి, ఏడుపు నీరసించిపోతుంది. బిడ్డ హాయిగా నిద్రపోతున్నదని ఇంట్లోవాళ్లు అనుకునే స్థితి అదే.

(దృశ్యం: మన పొరుగున ఉన్న గడ్చిరోలి జిల్లా పటం. తెలంగాణ సరిహద్దు, ప్రాణహిత నది.)

వ్యాఖ్యానం: ఊళ్లో ఉండే సామాన్య మహిళ ఈ పని చేయగలదని తేలింది మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, వారిచేత ఇంటివద్దనే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. ఈ సేవలు లేని పక్క గ్రామాలతో పోల్చి చూస్తే, మూడో ఏడాదికి నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గిందని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో 2005లో మొదలైన ఆశా వ్యవస్థకు 2011లో ఈ బాధ్యతను అప్పగించారు.

(దృశ్యం: ఆశా కార్యకర్త, బిడ్డ అమ్మమ్మ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నారు.)

వ్యాఖ్యానం: కొలతల కంటే కష్టమైనది మాటల పని. ముర్రుపాలు పిండి పారబోయడం, తేనో చక్కెర నీళ్లో నాకించడం, పథ్యం పేరిట బాలింతకు మంచినీళ్లు కూడా తగ్గించడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. వీటిని ఎవరో బయటినుంచి వచ్చి తప్పుపడితే అమ్మమ్మ వినదు. అదే వీధిలో కాపురముంటూ, తానూ పురుడు పోసుకున్న మనిషి “అత్తా, ఈ పసుపుపచ్చని పాలే బిడ్డకు మొదటి టీకా వంటివి” అని చెబితే వింటుంది. ఆశా కార్యకర్త ఆ ఊరి మనిషే అయివుండాలన్న నియమం వెనుక ఉన్న బలం ఇదే.

మన ఆచారంలోనే ఇంకో చిక్కు ఉంది. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది గనుక, నెలల తరబడి ఆమెను చూసుకున్న అత్తవారి ఊరి కార్యకర్తకు కాన్పు తర్వాత ఆమె కనిపించదు. పుట్టింటి ఊరి కార్యకర్తకు ఆమె వచ్చిన సంగతే తెలియకపోవచ్చు. తల్లీబిడ్డల రక్షణ కార్డును వెంట తీసుకువెళ్లి, చేరిన రోజే అక్కడి కార్యకర్తకు చూపిస్తే ఆ ఆరు సందర్శనల్లో ఏదీ తప్పిపోదు.

(దృశ్యం: రిజిస్టరు, పక్కన 250 రూపాయలు.)

వ్యాఖ్యానం: ఈ ఆరు సందర్శనలకూ కలిపి కేంద్రం నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. తల్లీబిడ్డలు 42వ రోజు వరకు క్షేమంగా ఉండాలన్న షరతు కూడా 2011 నాటి మార్గదర్శకాల్లో ఉంది. ఎంత పాటుపడినా బిడ్డ దక్కకపోతే ఆ నడకకు విలువ కట్టకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గౌరవ వేతనాన్ని నెలకు 10,000 రూపాయలకు పెంచినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దేశంలోని ఆశా కార్యకర్తలందరినీ పురస్కారంతో గౌరవించినా, వారిని వేతనం పొందే ఉద్యోగులుగా గుర్తించాలన్న కోరిక మాత్రం తీరలేదు.

(దృశ్యం: 42వ రోజు. బిడ్డ కళ్లు విప్పి ఆమె ముఖంలోకి చూస్తున్నది.)

వ్యాఖ్యానం: చివరి సందర్శన నాటికి బిడ్డకు ఆరు వారాలు నిండుతాయి, ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా మొదటి మోతాదుకు వేళవుతుంది. ఆమె బరువు చూసి, టీకాలు వేసే రోజు ఏదో తల్లికి చెప్పి, మూడో నెలలో మళ్లీ వస్తానని కార్డు మీద రాసి లేస్తుంది.