పెట్రోల్ దొంగకి కారొద్దు, నీ పాత స్ప్లెండరే కావాలి!

హలో గురూ, వైజాగ్ నుంచి మళ్లీ నేనే. ముందే చెప్పేస్తున్నా, ఇవాళ మంచి కాక మీదున్నా. పొద్దున్న 7 గంటలకి బండి కిక్ కొడితే లేవలేదు, చోక్ వేసి కొట్టా, రిజర్వ్‌లో పెట్టి కొట్టా, ట్యాంక్ మూత తీసి బండి అటూ ఇటూ ఊపితే చుక్క చప్పుడు లేదు, నిన్న సాయంత్రమే కదరా బాబూ మద్దిలపాలెంలో 200 కొట్టించా! కిందకి వంగి చూస్తే పెట్రోల్ పైపు కోసేసి వేలాడుతోంది, పక్కనే ఓ కూల్‌డ్రింక్ బాటిల్ మూత పడుంది. మా వాచ్‌మన్ తాత చుట్ట పీక్కుంటూ వచ్చి చూసి, "ఏటి సేస్తాం బాబూ, ఆడికీ బండుంది కదా" అనేసి ఎల్లిపోయాడు.

ఆడికీ బండుంది కదా! ఆ ముక్క మీదే ఇవాళ్టి వీడియో మొత్తం.

పోయిన వీడియోలో పెట్రోల్ రేటు పెరిగితే చిల్లర దొంగతనాలు పెరుగుతాయి అన్నానని నన్ను ఎంత తిట్టారో నాకు తెలుసు, "రేటుకీ దొంగతనానికీ ఏం సంబంధం, ఇదంతా గంజాయి బ్యాచ్ పని" అన్నారు. సరే, గంజాయి బ్యాచ్ అనే అనుకుందాం. వాడు ఫోన్ కొడతాడు, బ్యాటరీ కొడతాడు, ఏకంగా బండే తోసుకుపోతాడు, ఎందుకంటే వాటిని అమ్ముకోవచ్చు. ఆ కూల్‌డ్రింక్ బాటిల్‌లో పట్టే అర లీటర్ పెట్రోల్ ఎవడికి అమ్ముతాడు గురూ? 54 రూపాయల సరుకు కోసం అర్ధరాత్రి సెల్లార్లో మోకాళ్ల మీద కూర్చునేవాడు అమ్ముకునేవాడు కాదు, పోసుకునేవాడు! పాత స్ప్లెండర్‌కి అర లీటర్ అంటే 30 కిలోమీటర్లు, గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఒక రోజు పనికెళ్లి తిరిగి రావడానికి ఇంచుమించు సరిపోద్ది.

ఇంకా అసలు సంగతి చెప్పలేదు. నా బండి పక్కనే పెద్ద కారుంది, ఫుల్ ట్యాంకు. దాన్ని ముట్టలేదు. ఎలా ముడతాడు, మూత లోపలి నుంచి లాక్ కదా. ఎదురుగా మూడో ఫ్లోర్ కుర్రాడి కొత్త బైకుంది, దాన్నీ ముట్టలేదు, ఎందుకంటే 2020 ఏప్రిల్ నుంచి పొగ తగ్గించాలనే బీఎస్6 రూలు వచ్చాక మన బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ అయిపోయాయి, పంపు ట్యాంకులోనే ఉంటుంది, పైపు పీకినా మనకి కారినట్టు కారదు. మిగిలిందెవరు? కార్బొరేటర్ బండోళ్లం, పైపు కోస్తే పెట్రోల్ దానంతటదే కారిపోయే పాత బళ్లోళ్లం! కొత్త బండి కొనే తాహతు లేక 2014 మోడల్‌ని ఇంకా లాక్కొస్తున్నాం చూడండి, మనమే. రేటు భారం ఎక్కువ ఎవడి మీదో దొంగ కన్ను కూడా వాడి మీదే. నేను చెప్పేది ఇదొక్కటే, ఎన్ని సార్లైనా చెప్తా, రేటు పెరిగితే లేనోడు లేనోడి ట్యాంకులోంచే లాగుతాడు, ఉన్నోడికి గీత కూడా పడదు.

"లెక్కలు చూపించు" అంటారు. ఎక్కడి లెక్కలు గురూ! 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి కదా, పోయిన సొత్తు 5,000 లోపైతే అది నాన్ కాగ్నిజబుల్, మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యడానికి లేదు. మొదటిసారి దొరికినోడు డబ్బు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. నా 200 పెట్రోల్ కోసం నేను కోర్టు మెట్లెక్కాలా? ఎవడూ వెళ్లడు, కేసు ఉండదు, కేసు లేదు కాబట్టి దొంగతనమే లేదు! లండన్‌లో స్టీఫెన్ మాచిన్ అని ఒక ఆర్థికవేత్త ఇంకో ఇద్దరితో కలిసి అక్కడి పోలీసు రికార్డులు తిరగేస్తే, ఏ వస్తువు రేటు పెరిగితే దాని దొంగతనాలు పెరిగాయి, తగ్గితే తగ్గాయి. అక్కడ కనిపించింది మన అక్కయ్యపాలెం సెల్లార్లో కనిపించదా?

ఇంకో కడుపుమంట. మల్కాపురంలో రిఫైనరీ మనదే, మా అమ్మమ్మ ఇప్పటికీ దాన్ని పాత పేరుతో కాల్‌టెక్స్ అనే అంటుంది, రాత్రి డాబా ఎక్కితే ఆ మంట కనిపిస్తుంది. పొగ మనకి, రేటు కూడా మనకే, 31 శాతం వ్యాటు, దాని మీద లీటర్‌కి 4 రూపాయలు, దాని మీద రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. 2021లో వంద దాటింది, మళ్లీ కిందకి దిగితే ఒట్టు. ఇది గుర్తుందో లేదో, రోజూ రేటు మార్చే పద్ధతిని దేశమంతా పెట్టకముందు 2017 మే 1న 5 ఊళ్లలో టెస్ట్ చేశారు, అందులో మన వైజాగ్ ఒకటి! అంతకుముందు పదిహేను రోజులకోసారి రెండు రూపాయలు పెంచితే ముందు రాత్రి బంకుల దగ్గర క్యూలు, తిట్లు, గోల. పైసల్లో పెంచడం మొదలెట్టాక తిట్టడం కూడా మర్చిపోయాం. ఆ కోపం ఎటు పోయిందంటారు? నన్నడిగితే సెల్లార్లోకి దిగింది.

నవ్వకండి, రెండో ఫ్లోర్ మాస్టారి బండి గతి పోయిన నెల చూశాను, ఆయన ట్యాంకులో పెట్రోల్ ఉంచరు, పొద్దున్నే కొట్టించుకుంటారు. వచ్చినోడికి చుక్క దొరకలేదు. ఏం చేశాడంటే బ్లేడుతో సీటు ఈ చివర నుంచి ఆ చివరకి కోసేశాడు, స్పాంజి బయటికొచ్చి పడింది, వెళ్తూ వెళ్తూ అద్దం కూడా విరిచాడు! ఖాళీ ట్యాంకు పెట్టినందుకు ఫైన్ అన్నమాట. నా పైపూ క్లిప్పూ మెకానిక్కూ కలిపి 250 అయింది, పోయిన పెట్రోల్ కంటే ఎక్కువ. హార్బర్‌లో మా మావయ్యకి ఈ గోల లేదు, డీజిల్ తెచ్చి బోటులో పోసుకున్నాడంటే ఆ రాత్రి బోటులోనే పడక, వేట నిషేధంలో బోటు కట్టేసి ఉన్నా సరే. నేను బండి మీద పడుకోనా?

పడుకున్నా పడుకుంటా, ఎందుకంటే అసలు భయం దొంగ కాదు. వాడు సగం పట్టుకుని పారిపోతే మిగతా సగం కోసిన పైపులోంచి రాత్రంతా కారుద్ది, పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, సెల్లార్లో కిందే పరుచుకుని ఉంటుంది, పైకి పోదు. ఒక్క అగ్గిపుల్ల చాలు...

ఒక్క నిమిషం, కింద ఏదో చప్పుడైంది. ఉండండి. తాతా! ఏటది? ఆ చుట్ట ముందు బయట పారెయ్యి తాతా, బళ్ల దగ్గర వద్దన్నానా! ఏటీ? మళ్లీ వాసనొస్తోందా? ఎవరిదీ?