అప్పీల్ బటన్ నొక్కే ముందు

శ్రోతలకు నమస్కారం.

నల్లా కారుతోందంటే ఫోన్ తీసి 'దగ్గర్లో ప్లంబర్' అని వెతికే రోజులివి. అప్పుడు మ్యాప్‌లో పేరు, ఫోన్ నంబరు, పని వేళలు, రివ్యూలు కనిపిస్తాయి. అదే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు. చిన్న వ్యాపారం చేసుకునేవాళ్లు చాలామందికి కొత్త గిరాకీ ఇందులోంచే వస్తుంది. అది ఒక పొద్దున 'సస్పెండ్ అయింది' అని కనిపిస్తే ఎవరికైనా టెన్షనే. కొందరి ప్రొఫైల్ మ్యాప్‌లో కనిపిస్తూనే ఉంటుంది గానీ దాని మీద యజమానికి పట్టు పోతుంది. కొందరిదైతే పూర్తిగా మాయమవుతుంది. ఫోన్లు ఆగిపోతాయి.

ఇలాంటప్పుడు ఏం చేయాలో ఒక ప్లంబర్ సంగతి ద్వారా చెప్తాను.

ఆయనకు విడిగా ఆఫీసు లేదు. ఇంటి నుంచే బయల్దేరి, పిలిచినవాళ్ల ఇళ్లకు వెళ్లి పని చేస్తాడు. ఒక సాయంత్రం ఎవరో సలహా ఇస్తే ప్రొఫైల్‌లో తన వ్యాపారం పేరు పక్కన '24 గంటల బెస్ట్ ప్లంబర్, లీకేజీ, మోటార్ రిపేర్' అని చేర్చాడు. నలుగురికీ కనబడాలన్న ఆశే తప్ప మోసం చేద్దామని కాదు. కానీ బోర్డు మీద, కార్డు మీద ఏ పేరుందో ప్రొఫైల్‌లోనూ అదే ఉండాలన్నది నియమం. పైగా ఇంటి అడ్రస్ అందరికీ కనిపించేలా పెట్టాడు. గిరాకీ మన దగ్గరికి రానప్పుడు అడ్రస్ దాచి, ఏయే ప్రాంతాలకు వెళ్తామో రాయాలి. 20 ప్రాంతాల దాకా రాసుకోవచ్చు. ఆయనకు ఈ రెండూ తెలియవు. ప్రొఫైల్ సస్పెండ్ అయింది.

కంగారులో కొత్త ప్రొఫైల్ తెరవబోయాడు. దయచేసి ఆ పని చేయకండి. ఒకే వ్యాపారానికి రెండు ప్రొఫైళ్లు ఉండటం కూడా నియమాలకు విరుద్ధమే. ఏళ్ల తరబడి జనం రాసిన రివ్యూలు పాతదానిలోనే ఉంటాయి. ఇంతలో ఒక ఫోన్. 'డబ్బు కట్టండి, గంటలో తెప్పిస్తాం' అని. ఆయన కట్టలేదు, మంచి పని చేశాడు. సస్పెన్షన్ తీసేయమని గూగుల్‌నే అడగడాన్ని అప్పీల్ అంటారు. దానికి గూగుల్ పైసా తీసుకోదు. తప్పకుండా తెప్పిస్తామని గ్యారంటీ ఇచ్చేవాళ్లను అస్సలు నమ్మొద్దని నేనైతే గట్టిగా చెప్తాను.

తర్వాత అప్పీల్ పేజీ తెరిచాడు. ప్రొఫైల్ ఏ ఈమెయిల్‌తో నడుస్తోందో దానితోనే లాగిన్ అయ్యాడు. వివరాలు చూసి బటన్ నొక్కేశాడు. అప్పుడు రుజువులు పంపమని ఒక లింకు వచ్చింది. దాన్నీ నొక్కాడు. గడియారం అక్కడే మొదలైంది.

60 నిమిషాలు. ఆ లింకు తెరిచాక కాగితాలు పంపడానికి ఉండే సమయం 60 నిమిషాలే.

రిజిస్ట్రేషన్ కాగితం బీరువాలో ఎక్కడో ఉంది. అరలన్నీ వెతికి తీస్తే దాని మీద పాత ఇంటి అడ్రస్. కరెంటు బిల్లు దొరికింది గానీ తండ్రి పేరు మీద ఉంది. లైసెన్స్ ఫోటో తీస్తే లైటు పడి అక్షరాలు మెరిసిపోయాయి. మళ్లీ తీసేసరికి సమయం అయిపోయింది. అప్పీల్ రుజువుల్లేకుండానే పరిశీలనకు వెళ్లింది, తిరస్కరించారు.

అందుకే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కాగితాలు ముందు, బటన్ తర్వాత.

ఆయనా రెండోసారి అలాగే చేశాడు. తిరస్కరించాక మరోసారి పరిశీలించమని అడిగే వీలుంది. కానీ తప్పు అలాగే ఉంచి అడిగితే ఏం లాభం? అందుకని ముందు పేరులోంచి ఆ అదనపు మాటలు తీసేశాడు. అడ్రస్ దాచాడు. రిజిస్ట్రేషన్‌లో కొత్త అడ్రస్ మార్పించుకున్నాడు. వ్యాపారం పేరు మీద వచ్చే ఫోన్ బిల్లు, లైసెన్స్ పక్కన పెట్టుకున్నాడు. పన్ను రిజిస్ట్రేషన్, నీళ్ల బిల్లు, ఇంటర్నెట్ బిల్లు లాంటివి కూడా పనికొస్తాయి. అన్నీ పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనిపించేలా ఫోటోలు తీశాడు. తర్వాత కాగితాలన్నీ ప్రొఫైల్ పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చుకున్నాడు. పేరు ఒకటేనా? ఇంటి నంబరు ఒకటేనా? కాగితం మీద 'రోడ్డు' అని ఉన్నచోట ప్రొఫైల్‌లో 'వీధి' అని ఉందా? అన్నీ సరిపోయాకే పరిశీలనకు పంపాడు. జవాబు వచ్చేలోపు పదేపదే అప్పీళ్లు పెట్టలేదు. కొన్నాళ్లు ఓపిక పట్టాడు. ప్రొఫైల్ తిరిగొచ్చింది, పాత రివ్యూలతో సహా.

మరొక్క మాట. ప్రొఫైల్ బాగానే నడుస్తున్నవాళ్లు కూడా ఈ రోజే ఒకసారి తెరిచి పేరు, అడ్రస్ చూసుకోండి. మీ బోర్డు మీద ఉన్నట్టే ఉన్నాయా? ఉంటే రిజిస్ట్రేషన్ కాగితం, ఒక తాజా బిల్లు ఫోటో తీసి ఫోన్‌లో విడిగా దాచుకోండి. ప్రొఫైల్ ఏ ఈమెయిల్‌తో ఉందో, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి. ఎప్పుడో ఎవరో కుర్రాడు తన ఈమెయిల్‌తో తెరిచి ఇచ్చి ఉంటే, అతను అందుబాటులో ఉండగానే మిమ్మల్ని ఓనర్‌గా చేర్పించుకోండి.