గంట మళ్లీ మోగింది: వాట్సాప్ కేసు అనుకుని మొదలుపెట్టాం

కిరణ్: నమస్కారం. మన కార్యక్రమంలో ఈ వారం వాట్సాప్ కేసు. ఎప్పటినుంచో వాయిదా వేస్తున్నాం, ఇవాళ తప్పదు. రజని అక్క కాగితాలు కూడా తెచ్చుకున్నారు.

రజని: తెచ్చింది నీ కోసం. కిందటిసారి సెక్షన్ల నంబర్లు కలగాపులగం చేశావని ఉత్తరాలు వచ్చాయి.

కిరణ్: బాలూ, రికార్డింగులోంచి ఆ మాట తీసేయి.

బాలు: తీయను.

కిరణ్: సరే. 2021 ఐటీ నియమాల ప్రకారం, ఒక సందేశం మొదట ఎవరి దగ్గర పుట్టిందో కోర్టో ప్రభుత్వమో అడిగితే పెద్ద సంస్థలు చెప్పాలి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ ఛేదించమంటే ఈ దేశంలో ఉండబోమని 2024 ఏప్రిల్‌లో వాళ్ల న్యాయవాది కోర్టులోనే అన్నారు. బెదిరింపులా లేదూ?

రజని: పంపినవారి ఫోనులో, అందుకున్నవారి ఫోనులో తప్ప మధ్యలో ఎవరూ చదవలేని ఏర్పాటు ఎన్‌క్రిప్షన్. ఒక్క నేరస్థుడి సందేశం మూలం చెప్పాలంటే అందరి సందేశాలకూ ముందే గుర్తు వేసి ఉంచాలి. నేరస్థుడెవరో ముందుగా తెలియదు కదా!

కిరణ్: బాగుంది. 2007 ఆగస్టు 25 గుర్తుందా? హైదరాబాదులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. నలభై మందికి పైగా పోయారు. మా నాన్న కోఠి నుంచి వచ్చేవరకు అమ్మ గుమ్మంలోనే నిలబడింది. అలాంటి కుట్ర ఫోన్లలో నడుస్తుంటే పోలీసులు వినకూడదా?

రజని: వినాలి. వద్దన్నదెవరు? హోం కార్యదర్శి సంతకంతో వినాలి. 1996లో సుప్రీంకోర్టు...

[గంట]

కిరణ్: అక్క 1996 ఫోన్ ట్యాపింగ్ తీర్పు ఎత్తితే గంట కొట్టాలని మన లెక్క. అయిదు నిమిషాలు కూడా కాలేదు!

రజని: కొట్టుకోండి. అనుమతి రెండు నెలలకే, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు. పైన సమీక్షా సంఘం. ఆ తీర్పు చెప్పింది అదే.

కిరణ్: బాంబు పెట్టేవాడు సంతకం అయ్యేదాకా ఆగుతాడా?

రజని: అత్యవసరమైతే ముందు విని తర్వాత అనుమతి తీసుకోవచ్చు. ఖరారు కాకపోతే ఆపేయాలి. అదీ నియమాల్లోనే ఉంది.

కిరణ్: కాగితం మీద ఉంది.

రజని: నేనూ అదే అంటున్నాను! 2024 మార్చిలో పంజగుట్ట స్టేషనులో నమోదైన కేసు చూడు. నిఘా విభాగంలోని వాళ్లే నాయకుల ఫోన్లు విన్నారని, ఎన్నికల్లో ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని పోలీసుల అభియోగం. రుజువు కావాల్సిందే, కాదనను. ఎన్‌క్రిప్షన్ లేని చోటే ఇంత అభియోగం వచ్చింది. ఉన్నది కూడా తీసేస్తే?

కిరణ్: అందుకని మొత్తం పోలీసు శాఖను అనుమానిస్తారా?

రజని: 2007 ఎత్తావు కదా. ఆ మే నెలలోనే మక్కా మసీదులో పేలుడు. పాతబస్తీ కుర్రాళ్లను ఎంతమందిని పట్టుకెళ్లారు! కోర్టులు నిర్దోషులన్నాయి. పరిహారం కూడా ప్రకటించారు. సమాచారం చాలక జరిగిందా అది?

కిరణ్: అది వేరు.

రజని: ఎందుకు వేరు?

కిరణ్: అక్కా, పోయినవాళ్ల ఇళ్లవాళ్లు గోకుల్ చాట్ కేసులో శిక్షల కోసం 2018 దాకా ఎదురుచూశారు. వాళ్లకు వెళ్లి సమీక్షా సంఘం గురించి చెప్పండి.

రజని: చెప్పలేను.

కిరణ్: నేనూ కొంచెం గట్టిగా మాట్లాడాను.

రజని: పర్వాలేదు. టీ చల్లారిపోయింది, అదే బాధ.

కిరణ్: పోలీసులకు మాత్రమే తెలిసిన దొడ్డిదారి ఒకటి పెడితే?

రజని: అలాంటిది అమెరికాలో ఉంది. చైనా తరఫువాళ్లని అక్కడి ప్రభుత్వం చెబుతున్న హ్యాకర్లు టెలికాం సంస్థల్లోకి చొరబడ్డారని, ట్యాపింగ్ కోసం పెట్టిన వ్యవస్థల జోలికి కూడా వెళ్లారని 2024లో బయటపడింది. ఆ డిసెంబరులో అక్కడి అధికారులే ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడమన్నారు. దేశ భద్రత కోసమే!

కిరణ్: మరి పోలీసులమని కాల్ చేసి, బెదిరించి డబ్బు లాగే డిజిటల్ అరెస్టు మోసాలు? చాలావరకు వాట్సాప్ కాల్సే.

రజని: మోసపోయినవారి ఫోనులో సందేశాలన్నీ ఉంటాయి, ఆయనే చూపిస్తాడు. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో బ్యాంకు చెబుతుంది. అక్కడ ఎన్‌క్రిప్షన్ అడ్డే కాదు.

కిరణ్: ఒక శ్రోత అడిగారు: వేలిముద్రతో ఫోను తెరవమంటే తెరవాలా?

రజని: వేలిముద్ర ఇవ్వడం తనపై తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదని 1961లో సుప్రీంకోర్టు అంది. పాస్‌వర్డ్ విషయంలో కోర్టులు ఒకే మాట మీద లేవు. కానీ 2021లో మన ఊళ్లోనే రోడ్డు మీద బండ్లు ఆపి, ఫోన్లు తీయించి, చాట్లలో గంజాయి మాట కోసం వెతికారు. ఎవరి సంతకం ఉంది దానికి?

[గంట]

రజని: బాలూ, నేను 1996 అనలేదు!

బాలు: సంతకం అన్నారు.

కిరణ్: అదీ లెక్కే అక్కా.

రజని: ఎప్పటినుంచి? సరే, ఐటీ చట్టంలో నిఘాకు వీలిచ్చే 69వ సెక్షను ఇంకా...

బాలు: కింద నీళ్ల ట్యాంకరు వచ్చింది. మోత పడుతోంది, ఆపేస్తున్నాను.