బూస్టర్ కొనే ముందు ఒక్క కేబుల్ మార్చి చూడండి

అందరికీ నమస్కారం. మాస్టారు నన్ను గిటార్ మెయింటెనెన్స్ గురించి మాట్లాడమన్నారు. తీగలు, నెక్ సంగతి మాస్టారు నాకంటే బాగా చెప్తారు. నేను మాత్రం పెడల్స్ గురించే, అంటే గిటార్‌కీ యాంప్‌కీ మధ్య పెట్టి సౌండ్ మార్చడానికి కాలితో తొక్కేవాటి గురించే మాట్లాడతాను.

విశాఖలో నా రిపేరు బల్ల దగ్గరకొచ్చే కుర్రాళ్ళది ఎక్కువగా ఒకటే గోల: "అన్నా, పెడల్స్ అన్నీ కలిపితే సౌండ్ పడిపోతోంది." అప్పటికే ఎవరో ఒకరు వాళ్ళ చేత బూస్టర్, అంటే సౌండ్ పెంచే పెడల్, కొనిపించి ఉంటారు. నాకు కడుపు మండేది అక్కడే.

ముందు పెడల్స్ అన్నీ తీసేసి, గిటార్‌ను ఒకే కేబుల్‌తో నేరుగా యాంప్‌కి పెట్టండి. అప్పుడూ సౌండ్ తక్కువే అంటే తప్పు గిటార్‌లోనో, కేబుల్‌లోనో, యాంప్‌లోనో ఉన్నట్టు. సౌండ్ బాగుంటే ఒక్కో పెడల్ కలుపుతూ రండి. ఎక్కడ పడిపోతే అక్కడ ముందుగా ప్యాచ్ కేబుల్, అంటే పెడల్స్‌ని కలిపే పొట్టి కేబుల్, మార్చండి. పైకి కొత్తగా కనిపించే కేబుల్‌లో కూడా లోపల డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం, ఉండొచ్చు. వాయిస్తూ ప్లగ్గు దగ్గర కాస్త కదపండి, బయటపడుతుంది. తర్వాత ప్రతి పెడల్ ఆన్ చేసి, ఆఫ్ చేసి, రెండుసార్లూ సౌండ్ ఒకేలా వచ్చేలా లెవెల్ నాబ్ పెట్టుకోండి. అడాప్టర్ పెడల్స్‌కి సరిపడా కరెంటు ఇస్తోందా అని కూడా చూడండి. ఓవర్‌డ్రైవ్ లాంటి అనలాగ్ పెడల్‌కి కొద్ది మిల్లీ ఆంపియర్లు సరిపోతాయి. డిజిటల్ డిలేకి 100 దాటి కావలసి రావచ్చు.

ఇప్పుడు ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. క్రిస్మస్ ప్రోగ్రాముల రోజులు. సోలో మధ్యలో సౌండ్ సగానికి పడిపోయేది, తీగ గట్టిగా కొడితే మళ్ళీ వచ్చేది. ఒక షాపులో పెడల్స్ మార్చమన్నారు, మార్చాడు. ఇంకో షాపులో యాంప్ లోపలి గాజు వాల్వులన్నీ మార్చారు. ఆ డబ్బు వాళ్ళమ్మ చీటీ పాడి ఇచ్చింది. అయినా సౌండ్ పడిపోతూనే ఉంది.

నా దగ్గరకు తెచ్చాక, యాంప్ వెనక ఎఫెక్ట్స్ లూప్ అని పెడల్స్ కలపడానికి రెండు జాక్‌లుంటాయి: సిగ్నల్ బయటికొచ్చే సెండ్, తిరిగి లోపలికెళ్ళే రిటర్న్. ఆ సెండ్ నుంచి రిటర్న్‌కి జానెడు ప్యాచ్ కేబుల్ పెట్టాను. సౌండ్ నిండుగా వచ్చింది, మళ్ళీ పడలేదు. అతను లూప్ ఎప్పుడూ వాడలేదు. అలాంటప్పుడు చాలా యాంపుల్లో సిగ్నల్ రిటర్న్ జాక్ లోపలి చిన్న రేకు మీదుగా వెళ్తుంది. మన ఉప్పుగాలికి ఆ రేకు మీద చిలుము పట్టింది. ప్లగ్గుకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాలుగుసార్లు పెట్టి తీస్తే సరిపోయింది. వాల్వులు మార్చే ముందు ఈ పని ఎందుకు చేయలేదు? చెప్పండి, ఎందుకు చేయలేదు? ఆ తల్లి ఇంకా వాయిదాలు కడుతూనే ఉంది.

మీలో చర్చిలో వాయించేవాళ్ళు ఎవరు? చేతులెత్తండి. చూశారా, సగం మంది! మీరు పెడల్స్ నుంచి నేరుగా మిక్సర్‌కే పెడతారు కదా. అయితే ఇది మీ కోసమే. గిటార్ యాంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే అడ్డు, దాదాపు 10 లక్షల ఓమ్‌లు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌ది 10 వేల చుట్టూ ఉంటుంది. ఇది ఎంత తక్కువైతే, తీగల కింద ఉండే పికప్ మీద భారం అంత ఎక్కువ. మామూలు పికప్ అంత భారం మోయలేదు. మీ పెడల్స్ అన్నీ ట్రూ బైపాస్, అంటే ఆఫ్ చేస్తే సిగ్నల్ లోపలి సర్క్యూట్‌ని తగలకుండా దాటిపోయే రకం అయితే, అన్నీ ఆఫ్ చేసిన క్షణంలో పికప్ నేరుగా మిక్సర్‌కి తగులుతుంది. సౌండ్ పడిపోతుంది, మెరుపూ పోతుంది. ఏదో ఒక పెడల్ తొక్కగానే తిరిగొస్తుంది. అది చూసి ఆ పెడల్ గొప్పదనుకుంటారు, మిక్సర్ దగ్గర సౌండ్ చూసే అతన్ని తిడతారు. అతనేం చేస్తాడు పాపం!

దీనికి గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగినట్టు మార్చే యాక్టివ్ డీఐ బాక్స్ పెట్టండి, లేదా మిక్సర్‌లో గిటార్ కోసం హై-జెడ్ బటన్ ఉంటే నొక్కండి. రెండూ లేకపోతే బఫర్, అంటే పికప్ మీద భారం పడకుండా సిగ్నల్‌ని ముందుకు పంపే సర్క్యూట్, ఉన్న పెడల్ ఒకటి వరుసలో ఉంచండి. బాస్ కంపెనీ చిన్న పెడల్స్ చాలావాటిలో బఫర్ ఉంటుంది, ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తుంది. ఫజ్ ఫేస్ లాంటి పాతకాలపు ఫజ్, అంటే సౌండ్‌ని గరగరలాడించే పెడల్, ఉంటే మాత్రం దాన్ని బఫర్‌కి ముందు, వరుసలో గిటార్ తర్వాత వెంటనే పెట్టండి. వాల్యూమ్ పెడల్ కొనేటప్పుడు కూడా అడగండి: గిటార్ తర్వాత నేరుగా పెట్టాలంటే 250కే, బఫర్ తర్వాత అయితే 25కే. కే అంటే వెయ్యి ఓమ్‌లు.

యాంప్ రిపేరుకిచ్చే ముందు "లూప్‌లో ప్యాచ్ కేబుల్ పెట్టి చూశారా?" అని అడగండి. పెద్దవాళ్ళని అడగడమేంటని మొహమాటపడకండి, డబ్బు మీది. నేను రెండు మంచి కేబుళ్ళు, కాంటాక్ట్ క్లీనర్ తెచ్చాను. బోర్డులు తెచ్చినవాళ్ళు అడాప్టర్లతో సహా ఈ బల్ల దగ్గరకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.