ముల్లు అరికాల్లో, బిళ్ళ గజ్జల్లో

తమ్ముడు: నమస్కారం. ఈ ఎపిసోడ్‌కి కారణం నా కాలు. పోయిన ఆదివారం పొలంలో తుమ్మముల్లు దిగింది. మూడో రోజుకి పాదం వాచి ఒకటే సలుపు. అది సరే, గజ్జల్లో బిళ్ళ ఎందుకు కట్టినట్టు? ల్యాబ్‌లో పెథాలజిస్టుగా చేస్తున్న మా అక్కని లాక్కొచ్చాను.

అక్క: రిపోర్టు ఫొటో పెట్టి, "తెల్ల కణాలు 14,000, బ్లడ్ క్యాన్సరా అక్కా?" అని అర్ధరాత్రి అడిగావు. అదీ చెప్పు.

తమ్ముడు: టెన్షన్ రాదా మరి!

అక్క: మామూలుగా 4,000 నుంచి 11,000 దాకా ఉంటాయి. నీకు పెరిగినవి న్యూట్రోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాలు. చర్మం కింద మాక్రోఫేజ్‌లని కాపలా కణాలుంటాయి. ముల్లుతో బాక్టీరియా దిగగానే అవి రసాయనాలు వదులుతాయి. దాంతో రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఆ ఎరుపు, వాపు. ఆ సందుల్లోంచి న్యూట్రోఫిల్స్ కొన్ని గంటల్లోనే బయటికొచ్చి, దొరికిన బాక్టీరియానల్లా మింగేసి చచ్చిపోతాయి. నువ్వు పిండేసిన చీములో ఎక్కువ భాగం వాటి శవాలే.

తమ్ముడు: ఛీ! అన్ని పోతే ఎలా?

అక్క: మూలుగలో రోజుకి దాదాపు పది వేల కోట్లు తయారవుతాయిరా.

తమ్ముడు: మరి బిళ్ళ?

అక్క: అసలు కథ అక్కడే. డెండ్రైటిక్ కణాలని ఉన్నాయి. అవి బాక్టీరియా ముక్కని పట్టుకుని లింఫ్ అనే ద్రవం పారే నాళాల వెంట గజ్జల్లోని లింఫ్ గ్రంథికి వెళ్తాయి. అక్కడ టీ కణాలని ఇంకో రకం తెల్ల కణాలుంటాయి, ఒక్కోదానికీ ఆ ముక్క చూపిస్తాయి. ఒక్కో టీ కణం ఒక్కో ఆకారాన్నే గుర్తుపడుతుంది. సరిపోయేది లక్షల్లో ఒకటి ఉంటే గొప్ప. అది దొరికిందా, ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగిపోతుంది. అందులో హెల్పర్ టీ కణాలు ఊఁ అన్నాకే బీ కణాలనే మరో రకం తెల్ల కణాలు గట్టి యాంటీబాడీలు, అంటే క్రిములకి అంటుకునే ప్రొటీన్లు, చేస్తాయి. ఆ హడావుడికి గ్రంథి ఉబ్బుతుంది. అదే నీ బిళ్ళ.

తమ్ముడు: ఇదంతా ఎన్నాళ్ళు?

అక్క: మొదటిసారైతే వారం పైనే. అప్పటిదాకా నెట్టుకొచ్చేది న్యూట్రోఫిల్సే. ఆ యాంటీబాడీలు బాక్టీరియాకి అంటుకుంటే, మింగే కణాలకి పట్టు దొరికి పని సులువవుతుంది. ఎవరి పని వాళ్ళది కాదు, ఒకరికొకరు అందించుకోవడమే. మింగే కణాలు గొప్పవా, రక్తంలోని యాంటీబాడీలు గొప్పవా అని ఒకప్పుడు శాస్త్రవేత్తలు రెండు వర్గాలై వాదించుకున్నారు. చివరికి 1908లో మింగే కణాల వైపున్న మెచ్నికోవ్‌కి, యాంటీబాడీల వైపున్న ఎర్లిక్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. మెచ్నికోవ్‌కి ఆ ఆలోచన తట్టింది కూడా ముల్లుతోనే. 1882లో ఇటలీలోని మెస్సినాలో, నక్షత్ర చేప పిల్లకి గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారి చూస్తే దాని చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

తమ్ముడు: ముల్లుని తినేశాయా?

అక్క: అంత పెద్దదాన్ని ఎలా మింగుతాయి! చుట్టుముట్టి కూర్చుంటాయంతే. ఇంతకీ నీ ముల్లు పూర్తిగా వచ్చిందా?

తమ్ముడు: లాగితే వచ్చింది... మొన ఉందో లేదో చూడలేదక్కా.

అక్క: లే, బండి తియ్. డాక్టర్‌కి చూపిద్దాం.