సీసాలో సబ్‌మెరైన్ మొదటిసారే మునగకూడదు

[బీచ్ రోడ్డు. వెనుక కురుసుర సబ్‌మెరైన్. ప్రెజెంటర్ చేతిలో నీళ్లు నిండిన ప్లాస్టిక్ సీసా.]

నమస్తే. నా వెనకాల ఉన్నది కురుసుర. మన వైజాగ్ పిల్లల్లో దీన్ని స్కూల్ వాళ్లతోనో, ఇంటికొచ్చిన చుట్టాలతోనో చూడనివాళ్లు తక్కువ. 1969లో నేవీలో చేరింది, 2001లో సెలవు తీసుకుంది, 2002లో ఈ ఒడ్డునే మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవు. "ఇంత ఇనుము ఎలా మునిగి, ఎలా తేలేదిరా?" అని అడగండి. "ట్యాంకుల్లో నీళ్లు నింపుతారు, ఖాళీ చేస్తారు మేడమ్" అని టకీమని చెప్తారు. "చుట్టూ సముద్రమే కదా, ఎలా ఖాళీ చేస్తారు?" అంటే ఒక్కరూ మాట్లాడరు.

దీనికి చాలామంది చెప్పే మందు ఒకటుంది: "పిల్లల చేత ఏదో ఒకటి చేయించండి, ఇంట్రెస్ట్ అదే వస్తుంది." ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఆ 'ఏదో ఒకటి' చివరికి థర్మోకోల్ ప్రాజెక్ట్ అవుతుంది. రాత్రి తొమ్మిదింటికి నాన్న స్టేషనరీ షాపుకి పరిగెడతారు, అమ్మ అతికిస్తుంది, పిల్ల నిద్రపోతుంది. పొద్దున్న పదికి పది మార్కులు. ఆ పిల్ల చెయ్యి దాని మీద పడలేదు.

[సీసా దగ్గరగా. లోపల పెన్ను క్యాప్ తేలుతోంది.]

ఇది చూడండి. లీటరు సీసా, అంచు దాకా నీళ్లు. లోపల ఒక పెన్ను క్యాప్, తెరిచి ఉన్న దాని కింది కొన అంచుకి చిన్న క్లే ముద్ద. మూత బిగించి సీసా నొక్కుతున్నాను... మునిగింది. వదిలాను, తేలింది. క్యాప్‌లో కొంచెం గాలి ఉంది. నొక్కితే ఆ గాలి కుంచించుకుపోయి నీళ్లు లోపలికి వస్తాయి, క్యాప్ బరువెక్కుతుంది. వదిలితే గాలి మళ్లీ విచ్చుకుని నీళ్లను బయటికి తోసేస్తుంది.

మొదటి ఏడాది నేను ఏడో తరగతికి దీన్ని చాలా జాగ్రత్తగా చేయించాను. ఎంత క్లే పెట్టాలో నేనే చూసి, ముద్దలు చేసి పంచాను. అందరివీ మునిగాయి. పది నిమిషాల్లో అయిపోయింది. "రికార్డులో రాయాలా మేడమ్?" అని అడిగారు. అంతే. అదే పని, పిల్లలే చేశారు, కళ్లలో వెలుగు మాత్రం లేదు.

మరుసటి ఏడాది క్లే డబ్బా బల్ల మీద పెట్టి, "మీరే చూసుకోండి" అన్నాను. క్లాసు గందరగోళం. ఒకడిది వేసీ వేయగానే అడుక్కి పోయింది. ఇంకొకడు ఎంత నొక్కినా కదలదు. వెనక బెంచీ పాప వచ్చి "ఏటి మేడమ్, నాది ఒకసారి తేలి, తర్వాత తేలట్లేదు?" అంది. నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండటం టీచరుకి ఎంత కష్టమో! బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. మర్నాడు ఆ పాపే కనిపెట్టింది: క్యాప్ పై కొనకి చిల్లు ఉంది, గాలి అందులోంచి పోతోంది.

రెండేళ్లకీ తేడా ఏమిటి? రెండో ఏడాది తప్పును నేను చెప్పలేదు, సీసా చెప్పింది. ఎర్ర సిరాతో నేను గీత కొడితే పిల్ల తల దించుకుంటుంది. సీసా ముందు ఎవరూ తల దించుకోరు, ఇంకో ముద్ద తీసి మళ్లీ పెడతారు.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే సైకాలజిస్టులు మనిషికి లోపలి నుంచి ఉత్సాహం రావాలంటే మూడు కావాలంటారు. నిర్ణయం నాది అనిపించాలి, నాకు చేతనవుతోంది అనిపించాలి, నా పక్కన మనుషులున్నారు అనిపించాలి. ఎంత క్లే పెట్టాలన్నది పాప నిర్ణయం. చిల్లు దొరకడం పాప గెలుపు. చుట్టూ మూగి చూసిన పదిమంది ఆ మూడోది. క్లే ముద్దలు నేనే చేసి ఇచ్చిన ఏడాది ఆ మూడింటినీ నేనే లాక్కున్నాను.

మరి బహుమతి పెడితే? 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, మిగతా పిల్లలు బొమ్మలు వేస్తూ గడిపిన సమయంలో దాదాపు సగమే వీళ్లు గడిపారు. అందుకే సీసాకి నేను మార్కులు వేయను. హెడ్మాస్టర్ గారు అడిగినా వేయను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. పూర్తయిన సీసా ముందే చూపించకండి. పారదర్శకమైన క్యాప్ దొరికితే మంచిది, లోపల నీటిమట్టం పెరగడం కనిపిస్తుంది. అది చూపించి "ఎందుకు?" అని అడగకపోతే ఆటే మిగులుతుంది, సైన్స్ రాదు. జాతీయ విద్యా విధానం 2020లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది బ్యాగులేని రోజులున్నాయి. లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక ఊరికి తీసుకెళ్లండి. తిరిగే కొయ్య మీద లక్క నొక్కితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, నొక్కుడు తక్కువైతే అంటుకోదు. అక్కడ కూడా తప్పు చెప్పేది కొయ్యే.

[కెమెరా మళ్లీ కురుసుర వైపు.]

ఇక మొదటి ప్రశ్న. సబ్‌మెరైన్‌లో సిలిండర్ల నిండా గట్టిగా నొక్కి నింపిన గాలి ఉంటుంది. దాన్ని ట్యాంకుల్లోకి వదిలితే నీళ్లు అడుగునున్న రంధ్రాల్లోంచి సముద్రంలోకి పోతాయి. సీసా వదిలినప్పుడు క్యాప్‌లో గాలి చేసిన పనే ఇది. ఈసారి కురుసుర లోపలికి వెళ్లేముందు పిల్లల చేత సీసా చేయించండి. మునిగింది పైకి రాకపోతే, ముందు క్యాప్ కొనకి చిల్లుందేమో వాళ్లనే చూడనివ్వండి.