గృహరుణ దరఖాస్తులు: కాగితాలను కలిపి చదవడం

గృహరుణ దరఖాస్తులు పరిశీలించే మీ అందరికీ నమస్కారం.

గృహరుణ మోసం అనగానే ముఠాలు, దొంగ దస్తావేజులు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఈ మోసాలను రెండుగా విడదీస్తుంది: లాభం కోసం చేసేవి, ఇంటి కోసం చేసేవి. మొదటి రకంలో ఇంటికి విలువ కట్టేవాళ్లూ, ఒక్కోసారి బ్యాంకు లోపలివాళ్లూ చేతులు కలుపుతారు. రెండో రకంలో మామూలు ఉద్యోగి జీతం కాస్త పెంచి చూపిస్తాడు, పాత అప్పు దాస్తాడు. దానికి అతను పెట్టుకున్న పేరు ‘సర్దుబాటు’. ఆ మాట చెవిలో వేసింది ఏజెంటే అయ్యుండొచ్చు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకునేదీ అలాంటివాళ్లే. రేపు ఇరుక్కునేది మాత్రం సంతకం చేసినవాడు.

ఒక్క కాగితాన్ని ఎవరైనా నేర్పుగా దిద్దగలరు. కాగితాల మధ్య లెక్క కుదర్చడమే కష్టం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 32,000 జీతాన్ని 52,000 చేశారనుకోండి. అక్కణ్ణుంచి కింద ప్రతి వరుసలో నిల్వను అసలు అంకె కన్నా 20,000 ఎక్కువగా దిద్దాలి. మరుసటి నెల జీతం కూడా దిద్దితే తేడా 40,000 అవుతుంది. మొదటి పేజీ ఓపిగ్గా దిద్దినవాడు మూడో పేజీకొచ్చేసరికి విసుగెత్తి వదిలేస్తాడు. నిల్వ ఉన్నట్టుండి పాత అంకెకు దిగిపోతుంది. క్యాలిక్యులేటర్ తీసి నాలుగు వరుసలు కూడితే చాలు. పేస్లిప్‌లో పన్ను కోత జీతానికి తగ్గట్టు లేకపోయినా అంతే. అక్షరాల వంపులు భూతద్దంతో వెతికేవాళ్లున్నారు, నేనైతే కూడికలనే నమ్ముతాను.

దరఖాస్తుకు ముందు ఖాతాలో పెద్ద మొత్తం పడితే ‘బంధువు ఇచ్చిన కానుక’ అంటారు. నిజం కావచ్చు. తిరిగి ఇవ్వాల్సిందైతే మాత్రం అది అప్పే.

పేస్లిప్ మీదున్న నంబరుకు ఫోన్ చేయకండి, అది స్నేహితుడి జేబులో మోగొచ్చు. సంస్థ నంబరు మీరే వెతకండి. పన్ను వివరాలు, స్టేట్‌మెంట్లు వీలైనంతవరకు మూలం నుంచే తెప్పించండి.

2008 సంక్షోభానికి ముందు అమెరికాలో ఆదాయానికి రుజువు అడగకుండానే రుణాలిచ్చారు. అబద్ధాల రుణాలని వాటిని జనమే ఎగతాళి చేశారు. అక్కడ అబద్ధం చెప్పినవాడి కన్నా అడగనివాడి తప్పే పెద్దదని నా అభిప్రాయం. రుణం తెచ్చి కమీషన్ తీసుకునేవాడే పత్రాలు కూడా సరిచూస్తుంటే ఎన్ని శిక్షణలిచ్చినా దండగ.

ఇంకొక్కటి. మంజూరుకూ సొమ్ము విడుదలకూ మధ్య కొత్తగా కారు లోన్ తీసుకునేవాళ్లుంటారు, ఉద్యోగం పోయినవాళ్లూ ఉంటారు. విడుదలకు ముందు రుణ చరిత్ర మళ్లీ తెప్పించండి, ఉద్యోగమిచ్చిన సంస్థకు మళ్లీ ఫోన్ చేయండి. అవి తేలేదాకా చెక్కు మీ దగ్గరే ఉండనివ్వండి.